హ్యాండ్ బ్రేక్ చివరిదాకా లాగినా వాలులో బండి జారుతోంది, పైగా ఎడమ వెనక చక్రం వేడెక్కుతోంది

పాతబండి:
అందరికీ నమస్కారం. నాది 2003 మోడల్ చిన్న పెట్రోల్ కారు. ఇంజను లాగేది ముందు చక్రాలనే. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. హ్యాండ్ బ్రేక్ రెండు సీట్ల మధ్య లివర్, కేబుళ్లతో పనిచేసే పాత పద్ధతే.

లివర్ 11, 12 టిక్కుల దాకా లాగితే గానీ పట్టు రావట్లేదు. అప్పుడు కూడా వాలులో ఆపితే బండి మెల్లగా జారుతోంది. సర్వీసులో చెప్తే కేబుల్ నట్టు బిగించి ఇచ్చారు. కొన్నాళ్లు బాగానే ఉంది, మళ్లీ మొదటికొచ్చింది. మళ్లీ బిగించారు. ఇప్పుడు ఆ నట్టు ముందుకెళ్లడానికి మరలే మిగల్లేదు.

ఈ మధ్య ఇంకోటి మొదలైంది. కాసేపు నడిపి ఆపాక ఎడమ వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే కాలుతోంది. కుడివైపు గోరువెచ్చగా ఉంటుందంతే. న్యూట్రల్‌లో వదిలితే బండి ముందులా దొర్లట్లేదు కూడా.

కేబుళ్లు సాగిపోయాయి, రెండూ మార్చాలి అంటున్నారు. మార్చేముందు ఇక్కడ అడుగుదామని వచ్చాను. జాకీ, రెండు స్టాండ్లు, మామూలు స్పానర్లు ఉన్నాయి. ముందు ప్యాడ్లు నేనే మార్చుకుంటాను. డ్రమ్ మాత్రం ఎప్పుడూ విప్పలేదు.

స్పానర్ బాబాయ్:
కేబుళ్లు ఇప్పుడే కొనకండి. కేబుల్ సాగితే పట్టు తగ్గుతుంది, లివర్ పైకొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ సాగిన కేబుల్ చక్రాన్ని వేడెక్కించదు. ఒక పక్క పట్టు లేదు, ఇంకో పక్క వదలట్లేదు అంటే సంగతి డ్రమ్ముల లోపల ఉంది.

ఈ నట్టు బిగించే అలవాటు వల్ల ఎన్ని బండ్లు పాడవుతున్నాయో చూస్తుంటే బాధగా ఉంటుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను. డ్రమ్ లోపల రెండు షూలు (లైనింగ్ అనే రాపిడి పొర అంటించి, డ్రమ్‌ని లోపలి నుంచి నొక్కే వంపు బద్దలు), వాటి మధ్య ఒక అడ్డ కడ్డీ ఉంటాయి. వెనక షూకి ఒక చిన్న లివర్ తగిలించి ఉంటుంది, దాన్నే కేబుల్ లాగుతుంది. హ్యాండ్ బ్రేక్ కిందికి దించినప్పుడు ఆ చిన్న లివర్ వెనక్కి వెళ్లి తన ఆనికకి తగిలి కూర్చోవాలి. అలా కూర్చుంటేనే చాలా రకాల డ్రమ్ముల్లో తనంతట తాను సర్దుకునే అడ్జస్టర్ సరిగ్గా పనిచేస్తుంది. లైనింగ్ అరిగినకొద్దీ కాలి బ్రేకు తొక్కినప్పుడల్లా అది ఒక్కో పన్ను ముందుకు జరిగి ఖాళీని పూడుస్తుంది.

కేబుల్ నట్టు బిగించేసరికి ఆ చిన్న లివర్ ఎప్పుడూ కొంచెం లాగి పట్టి ఉంటుంది. అడ్జస్టర్ పని ఆగిపోతుంది. అడ్జస్టర్ ఆగితే లైనింగ్ అరిగినంత మేర ఖాళీ పెరుగుతూ పోతుంది. ఖాళీ పెరిగితే లివర్ పైకొస్తుంది. లివర్ పైకొచ్చిందని మళ్లీ నట్టే బిగిస్తారు. మీ బండిలో మరలు అయిపోయేదాకా జరిగింది ఇదే.

ఎప్పుడైనా ముందు షూలు సర్దాలి, తర్వాతే కేబుల్.

రెండు సంగతులు చెప్పండి. కాలి బ్రేకు మొదటిసారి తొక్కితే ఎంత కిందికి వెళ్తోంది? వెంటనే రెండోసారి తొక్కితే పెడల్ పైన ఆగుతోందా?

గ్రీజు చేతులు:
బాబాయ్ చెప్పిందే నా మాట కూడా. విప్పేముందు ఒక పరీక్ష చేయండి, ఖర్చు లేనిది.

సమంగా ఉన్న గట్టి నేల మీద ఆపండి. ముందు చక్రాలకి రెండు పక్కలా అడ్డు దిమ్మలు పెట్టండి. మీది ముందు చక్రాల బండి కాబట్టి మొదటి గేర్లో ఉంచొచ్చు. వెనక చక్రాలు నడిచే బండి అయితే గేర్లో ఉంచితే చక్రం తిరగదు, న్యూట్రల్‌లో పెట్టి దిమ్మల మీదే ఆధారపడాలి. వెనక భాగం లేపి స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. జాకీ మీద మాత్రం వదిలేసి బండి కిందికి వెళ్లొద్దు, హ్యాండ్ బ్రేక్ దించి చేసే పని ఇది.

లివర్ పూర్తిగా దించి రెండు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి. తర్వాత ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి ఒక్కో టిక్కు లాగించండి, ప్రతి టిక్కుకీ రెండు పక్కలా తిప్పండి. ఏ చక్రం ఎన్నో టిక్కులో పట్టుకుందో రాసుకోండి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

కొండదారి:
మిగతావాళ్లు రిపేరు చూసుకుంటారు, నేను జాగ్రత్త గురించి చెప్తాను. బాగయ్యేదాకా దయచేసి వాలులో ఒక్క హ్యాండ్ బ్రేక్‌ని నమ్మి బండి వదలకండి. ఎక్కుడు వైపు ముఖం పెట్టి ఆపితే మొదటి గేరు, దిగుడు వైపు అయితే రివర్స్ గేరు. రోడ్డు అంచున గట్టు ఉంటే, దిగుడులో ముందు చక్రాలు గట్టు వైపు, ఎక్కుడులో గట్టుకి ఎదురు వైపు తిరిగి ఉండాలి, జారినా గట్టుకి తగిలి ఆగేలా. చక్రం కింద దిమ్మ కూడా పెట్టండి.

మంచి హ్యాండ్ బ్రేక్ ఎంత పట్టాలో ఒక అందాజా ఉంటే మంచిది. కార్ల బ్రేకుల మీద ఐక్యరాజ్యసమితి నిబంధన 13-హెచ్ ప్రకారం, పూర్తి బరువుతో ఉన్న కారుని 20 శాతం వాలులో, ఎక్కుడైనా దిగుడైనా, పార్కింగ్ బ్రేక్ ఒక్కటే ఆపి ఉంచాలి. 20 శాతం అంటే సుమారు 11 డిగ్రీలు, చూడ్డానికి బాగా నిటారుగా ఉంటుంది. చేత్తో లాగే బలం 400 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోల బరువు ఎత్తినంత, దాటకూడదు. రెండు చేతులతో లాగితే తప్ప నిలవట్లేదంటే ఆ బ్రేకు పనికి రానట్టే.

పాతబండి:
అందరికీ ధన్యవాదాలు. పరీక్ష చేశాను.

లివర్ దించి ఉంటే కుడి చక్రం హాయిగా తిరుగుతోంది. ఎడమది రాసుకుంటూ బరువుగా తిరుగుతోంది, చెయ్యి తీస్తే అక్కడే ఆగిపోతోంది. 3 టిక్కులకి ఎడమ చక్రం పూర్తిగా బిగుసుకుంది. కుడివైపు 8 టిక్కులకి రాసుకోవడం మొదలైంది, 11కి కూడా బలంగా తిప్పితే తిరుగుతోంది.

కింద రెండు కేబుళ్లూ కలిసే ఈక్వలైజర్ పలక వంకరగా నిలబడి ఉంది, తుప్పు పట్టి కదలట్లేదు.

కాలి బ్రేకు మొదటిసారి బాగా కిందికి వెళ్తోంది, రెండోసారి పైన ఆగుతోంది. ఇంకోటి అడగాలి. మలుపుల్లో డాష్‌బోర్డ్ మీద బ్రేక్ లైటు మెరిసి ఆరిపోతోంది. లివర్ దగ్గరి స్విచ్ పాడైందేమో అనుకుని వదిలేశాను. దీనికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

గ్రీజు చేతులు:
ఆ లైటు సంగతి ముందు చూడండి, మిగతావన్నీ తర్వాత. చాలా బండ్లలో హ్యాండ్ బ్రేక్‌కీ, బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గినప్పుడూ వెలిగేది ఒకే లైటు. మలుపులో ఆయిల్ ఒక పక్కకి ఒరుగుతుంది, డబ్బాలో తేలే బిళ్ల కిందికి వెళ్తుంది, లైటు మెరుస్తుంది. స్విచ్ పోతే మలుపు కోసం ఆగదు.

బానెట్ తెరిచి ఆయిల్ డబ్బా మీద గీతలు చూడండి. తక్కువ ఉంటే పోసేసి మూత పెట్టడం కాదు, ఎక్కడికి పోయిందో కనిపెట్టాలి. ప్యాడ్లు అరిగితే మట్టం కొంచెం దిగుతుంది, అది మామూలే. కనీస గీత దాకా వచ్చిందంటే కారుతూ ఉండొచ్చు. కుడి వెనక చక్రం లోపలి వైపు టైరు మీద, బ్యాక్ ప్లేటు (డ్రమ్ వెనక షూలని మోసే రేకు పలక) అడుగున తడి ఉందేమో చూడండి.

స్పానర్ బాబాయ్:
పరీక్ష బాగా చేశారు. పెడల్ రెండోసారికి పైన ఆగడం కూడా షూల ఖాళీ పెరిగిందనే చెప్తోంది. దీన్నిబట్టి మీ హ్యాండ్ బ్రేక్ మొత్తం ఎడమ చక్రం ఒక్కటే మోస్తోంది. ఈక్వలైజర్ అన్నది రెండు కేబుళ్లకీ లాగుడు సమంగా పంచాల్సిన పలక, తక్కెడ కాడలాగా అటూ ఇటూ ఊగాలి. బిగుసుకుపోయింది కాబట్టి ఎడమ కేబుల్ మాత్రమే లాగుడు తింటోంది.

ఎడమవైపు కేబుల్ వెనక్కి రావట్లేదా, లోపల షూలే వదలట్లేదా అని తేల్చాలి. నట్టు పూర్తిగా వదులు చేసి, ఈక్వలైజర్ దగ్గర రెండు కేబుళ్లూ ఊడదీయండి. అప్పుడు ఎడమ చక్రం తేలిగ్గా తిరిగితే లోపం కేబుల్‌కి అవతల, అంటే ఈక్వలైజర్‌లోనో నట్టులోనో ఉంది. అప్పటికీ రాసుకుంటుంటే కేబుల్ తొడుగు లోపలో, డ్రమ్ లోపలో పట్టేసింది. బ్యాక్ ప్లేటు వెనక కేబుల్ వచ్చి లోపలికి దూరే చోట చూడండి, అక్కడ రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు లోపలికి పోతాయి.

మలుపురాయి:
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. నా కారుకి వెనక డిస్కులు. హ్యాండ్ బ్రేక్ వదులైంది. షూలు సర్దడం అన్నది నాకు వర్తిస్తుందా?

స్పానర్ బాబాయ్:
డిస్కుల్లో రెండు రకాలు ఉన్నాయి. ఒకదాంట్లో డిస్కు మధ్య టోపీలా ఉబ్బిన భాగం లోపల చిన్న డ్రమ్, దాంట్లో హ్యాండ్ బ్రేక్ కోసమే చిన్న షూలు ఉంటాయి. వాటికి డిస్కు ముఖం మీదో వెనకో రబ్బరు బిళ్లతో మూసిన రంధ్రం ఉంటుంది. అందులోంచి స్క్రూడ్రైవర్‌తో పళ్ల చక్రం తిప్పి, షూలు పట్టేదాకా బిగించి, మాన్యువల్ చెప్పినన్ని పళ్లు వెనక్కి వదలాలి. ఇది తనంతట సర్దుకోదు.

రెండో రకంలో హ్యాండ్ బ్రేక్, క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్కుని నొక్కే భాగం) పిస్టన్‌నే లోపలి మరతో నెడుతుంది. దానికి క్యాలిపర్ మీద చిన్న లివర్ ఉంటుంది, హ్యాండ్ బ్రేక్ దించగానే అది ఆనికకి తగలాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ పిస్టన్‌ని క్లాంపుతో నొక్కకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి. నొక్కితే లోపలి మర విరుగుతుంది.

కొండదారి:
రెండో రకం వాళ్లకి ఒక హెచ్చరిక. గట్టిగా బ్రేకులు వాడి కొండ దిగి ఆపినప్పుడు డిస్కు, ప్యాడ్లు బాగా వేడిగా ఉంటాయి. చల్లారాక కుంచించుకుంటాయి, పట్టు వదులవుతుంది. ఎవరూ ముట్టని బండి కాసేపటికి కదలడం ఇలా జరుగుతుంది. కాసేపయ్యాక లివర్ ఇంకో టిక్కు లాగండి, గేర్లో కూడా ఉంచండి.

పాతబండి:
ఆయిల్ డబ్బా చూశాను, కనీస గీత కంటే కింద ఉంది. కుడి వెనక బ్యాక్ ప్లేటు అడుగు అంచు తడిగా, దుమ్ము పట్టి నల్లగా ఉంది. ఇక ఆ బండి బయటికి తీయడం ఆపేశాను.

కేబుళ్లు ఊడదీశాను. ఎడమ చక్రం అప్పటికీ రాసుకుంటోంది. బ్యాక్ ప్లేటు వెనక కేబుల్ కొనని చేత్తో లోపలికి తోస్తే సగం దాకా వెళ్లి ఆగింది. తోశాక చక్రం తేలికైంది. అంటే కేబుల్ తొడుగులోనే పట్టేస్తోంది, అంతేనా?

ఎడమ డ్రమ్ ఊడట్లేదు. సుత్తితో కొట్టినా కదల్లేదు.

గ్రీజు చేతులు:
అంతే, ఆ కేబుల్ పోయింది.

డ్రమ్ విషయంలో కంగారు పడకండి. డ్రమ్ ముఖం మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉన్నాయేమో చూడండి, చాలా వాటికి ఎం8 సైజు బోల్టులు సరిపోతాయి. రెండింట్లోనూ బోల్టులు పెట్టి ఇటు కొంచెం అటు కొంచెం సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ తనే బయటికొస్తుంది. అంతకుముందు మధ్యలో హబ్ చుట్టూ తుప్పు వదిలించే నూనె వేసి నానబెట్టండి. నూనె షూల వైపు పోకుండా కొద్దిగానే.

కొంచెం వచ్చి ఆగితే, డ్రమ్ లోపలి అంచున అరగని చోట గట్టు లేచి షూలని పట్టుకుంటోందన్న మాట. అప్పుడు బ్యాక్ ప్లేటులో రబ్బరు బిళ్ల తీసి అడ్జస్టర్‌ని వెనక్కి తిప్పాలి. సుత్తి వాడితే డ్రమ్ ముఖం మీద, బోల్టుల మధ్య కొట్టండి. అంచు మీద కొడితే పోత ఇనుము పగులుతుంది. వెనక నుంచి బ్యాక్ ప్లేటుకి ఆనించి ఎత్తొద్దు, అది వంగితే ఇక జీవితాంతం రాసుకుంటూనే ఉంటుంది.

ఇంకోటి, ఇది నిజంగా ముఖ్యం. డ్రమ్ లోపలి దుమ్ముని గాలితో ఊదొద్దు, పొడి బ్రష్షుతో దులపొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. సబ్బు నీళ్లతోనో బ్రేక్ క్లీనర్‌తోనో తడిపి, కింద పళ్లెం పెట్టి కడగండి. మాస్క్ వేసుకోండి.

స్పానర్ బాబాయ్:
డ్రమ్ ఊడాక కాలి బ్రేకు పొరపాటున కూడా తొక్కొద్దు, షూలని నెట్టే వీల్ సిలిండర్ పిస్టన్లు బయటికొచ్చేస్తాయి. ఇంట్లోవాళ్లకీ చెప్పండి. ఏదీ విప్పకముందే ఫోటోలు తీయండి, స్ప్రింగుల కొక్కేలు ఏ రంధ్రంలో ఉన్నాయో కనబడేలా. రెండు పక్కలూ ఒకేసారి విప్పకండి. ఒకటి పూర్తయ్యాకే రెండోది. అనుమానం వస్తే చూసుకోవడానికి రెండో పక్క ఉంటుంది, కాకపోతే అది అద్దంలో చూసినట్టు తిరగేసి ఉంటుంది.

పాతబండి:
బోల్టుల కిటుకు పనిచేసింది. రెండు పక్కలూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చూశాను. కనబడింది కనబడినట్టు రాస్తున్నాను.

ఎడమ: లైనింగ్ వెనక షూ మీద 2 మి.మీ. కూడా లేదు, అద్దంలా మెరుస్తోంది, సన్నటి గీతల్లాంటి పగుళ్లు. డ్రమ్ లోపల అక్కడక్కడా నీలం మచ్చలు. అడ్జస్టర్ పళ్ల చక్రం తుప్పుతో బిగుసుకుని వేళ్లతో అసలు తిరగట్లేదు. షూల అంచులు ఆనే చోట బ్యాక్ ప్లేటు మీద గాడి పడింది. కేబుల్ రబ్బరు తొడుగు చిరిగింది, లోపలి తీగ ఎర్రటి పొడి రాలుస్తోంది.

కుడి: లైనింగ్ మందంగానే ఉంది, 4 మి.మీ. దాకా. కానీ కింది సగం నల్లగా జిగురుగా ఉంది. వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు కొంచెం ఎత్తగానే ఆయిల్ బయటికి కారింది. ఆ పక్క షూల ఖాళీ చాలా ఎక్కువ, డ్రమ్ ఎక్కించి ఊపితే లోపల కదులుతున్న చప్పుడు.

లైనింగ్ అంత మందం ఉంది కదా, పెట్రోలుతో కడిగి వాడుకోవచ్చా?

గ్రీజు చేతులు:
వద్దు. లైనింగ్‌లోకి దిగిన ఆయిల్ కడిగితే పైపైన పోతుంది, బ్రేకు వేడెక్కినప్పుడు మళ్లీ పైకొస్తుంది. మంటతో కాల్చినా అంతే, పైగా అంటించిన జిగురు బలహీనపడి లైనింగ్ షూ నుంచి ఊడొచ్చు. నాలుగు షూలూ కొత్తవి వేయండి. ఒక పక్క మాత్రం మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపు లాగుతుంది. వీల్ సిలిండర్లు కూడా రెండూ మార్చడమే మేలు, ఒకటి కారితే అదే వయసున్న రెండోది కూడా దారిలోనే ఉంటుంది.

డ్రమ్ములు పారేయాల్సిన పని ఉండకపోవచ్చు. సాధారణంగా డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉంటుంది, అంతకంటే లోపలే ఉంటే సరే. నీలం మచ్చలున్న డ్రమ్‌ని మాత్రం లేత్ మీద పెట్టేవాళ్లకి చూపించండి. వేడికి గట్టిపడిన మచ్చలుంటే బ్రేకు వేసినప్పుడు దడదడలాడుతుంది.

నాలుగు చక్రాలు:
కేబుల్ మార్చకుండా తొడుగులోకి నూనె పోసి ఆడిస్తే సరిపోదా? నా బండికి అలాగే నడిచింది.

స్పానర్ బాబాయ్:
మీ బండికి నడిచి ఉండొచ్చు, కాదనను. కానీ లోపల ప్లాస్టిక్ పూత ఉన్న తొడుగులే ఇప్పుడు ఎక్కువ, వాటికి నూనె పోయొద్దని కొన్ని కంపెనీల మాన్యువల్సే చెప్తాయి. అంతకంటే పెద్ద సంగతి ఏమిటంటే ఎర్రటి పొడి రాలుతోందంటే తీగ పోగులు తెగడం మొదలైనట్టే. నూనెతో కదిలి, వాలులో లాగినప్పుడు తెగితే? హ్యాండ్ బ్రేక్ విషయంలో ఆ సాహసం వద్దు.

కుడి కేబుల్ రబ్బరు బాగుండి, చేత్తో లాగి వదిలితే జారుడుగా వెళ్లి వస్తుంటే దాన్ని మార్చమని నేను చెప్పను. ఈక్వలైజర్ సరిగ్గా ఊగితే కొత్త పాత కేబుళ్ల పొడవులో చిన్న తేడాని అదే సర్దుకుంటుంది. గ్రీజు చేతులు గారు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

గ్రీజు చేతులు:
నేనైతే రెండూ మారుస్తాను బాబాయ్. కింద పడుకుని విప్పే శ్రమ ఎలాగూ పడుతున్నప్పుడు ఇంకో కేబుల్ అదనంగా పెద్ద పని కాదు. అయినా మీ మాటలోనూ న్యాయం ఉంది.

స్పానర్ బాబాయ్:
సరే, ఇప్పుడు బిగించే వరస చెప్తాను. వరస తప్పితే అంతా మళ్లీ విప్పాల్సి వస్తుంది.

ముందు సిలిండర్ బిగించండి. బ్యాక్ ప్లేటు మీద షూలు ఆనే మెట్టలు ఉంటాయి, సాధారణంగా ఒక్కో షూకి మూడు. గాడి పడిన చోట ఆకురాయితో నున్నగా చేయండి. గాడి లోతుగా ఉంటే షూ అందులో ఇరుక్కుని వెనక్కి రాదు, ప్లేటే మార్చాలి. ఒక్కో మెట్ట మీద వేడిని తట్టుకునే బ్రేక్ గ్రీజు సన్నటి పూతగా రాయండి. మామూలు గ్రీజు కరిగి లైనింగ్ మీదికి పోతుంది. చేతులు కడుక్కున్నాకే కొత్త లైనింగ్ ముట్టుకోండి.

అడ్జస్టర్ పూర్తిగా విప్పి మరలు వైర్ బ్రష్షుతో శుభ్రం చేసి, కొద్దిగా అదే గ్రీజు పట్టించి, కొసదాకా వేళ్లతో తిరిగేలా చేయండి. ఎడమవి కుడివి కలపొద్దు. చాలా బండ్లలో ఒక పక్కది కుడి మర, ఇంకో పక్కది ఎడమ మర. తారుమారైతే బ్రేకు తొక్కినకొద్దీ ఖాళీ తగ్గకుండా పెరుగుతుంది.

కొత్త కేబుల్ ఈక్వలైజర్ దగ్గర వదులుగానే ఉంచండి. చిన్న లివర్ ఆనికకి తగిలి ఉందని కళ్లతో చూడండి. ఇప్పుడు అడ్జస్టర్‌ని కొంచెం కొంచెంగా తిప్పుతూ డ్రమ్ ఎక్కించి చూడండి. డ్రమ్ ఎక్కేటప్పుడు లైనింగ్‌కి సన్నగా తగులుతూ, తిప్పితే లేతగా గీసుకునే చప్పుడు రావాలి, కానీ ఆగకూడదు. ఇక్కడ తొందర పడొద్దు. హ్యాండ్ బ్రేక్ బాగా రావడమన్నది నూటికి తొంభై పాళ్లు ఈ ఒక్క మెట్టు మీదే ఉంది.

రెండు డ్రమ్ములూ ఎక్కాక ఆయిల్ పోసి, బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయండి. డబ్బా మూత మీద ఏ రకం రాసి ఉందో అదే, మూత తీసి ఉన్న పాత సీసాలోది వద్దు, అది గాలిలో తేమ పీల్చుకుని ఉంటుంది. ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్లతో కడగండి. తర్వాత పెడల్ పదే పదే నింపాదిగా తొక్కండి. షూలు మధ్యకి వచ్చి సర్దుకుంటాయి, అడ్జస్టర్ మిగతా ఖాళీ పూడుస్తుంది. పెడల్ పైన గట్టిగా ఆగాలి.

అప్పుడు, అప్పుడు మాత్రమే కేబుల్ నట్టు. ముందు కొత్త కేబుల్ కుదురుకోవడానికి లివర్‌ని గట్టిగా కొన్నిసార్లు లాగి వదలండి. తర్వాత ఒక టిక్కు మీద ఉంచి చక్రాలు ఇంచుమించు తేలిగ్గా తిరిగేలా, రెండో మూడో టిక్కులో గీసుకోవడం మొదలయ్యేలా నట్టు సర్దండి. పూర్తిగా పట్టేది ఎన్నో టిక్కులో అన్నది మీ మాన్యువల్ చూడండి, ఇలాంటి కార్లకి మామూలుగా 4 నుంచి 7 మధ్య ఉంటుంది. చివరగా లివర్ దించి రెండు చక్రాలూ తిప్పండి. ఏది రాసుకున్నా నట్టు వదులు చేయాల్సిందే. లాక్ నట్టు బిగించడం మర్చిపోవద్దు.

పాతబండి:
పని పూర్తయింది. నాలుగు షూలు, రెండు సిలిండర్లు, రెండు కేబుళ్లు మార్చాను (గ్రీజు చేతులు గారి మాటే విన్నాను, బాబాయ్ ఏమీ అనుకోవద్దు). నీలం మచ్చల డ్రమ్ లేత్ మీద పెట్టి చూపిస్తే కొలత లోపలే ఉందన్నారు, సన్నగా చెక్కి ఇచ్చారు. ఈక్వలైజర్ ఊడదీసి తుప్పు గీకి గ్రీజు పెట్టాను, ఇప్పుడు వేలితో నొక్కితే ఊగుతోంది.

నట్టు సంగతి చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఇంతకుముందు మరల చివరికి చేరిన నట్టు ఇప్పుడు మొదట్లోనే ఆగింది. 2 టిక్కులకి రెండు చక్రాలూ ఒకేసారి గీసుకోవడం మొదలు, 6కి రెండూ రాయిలా ఆగుతున్నాయి. దించితే రెండూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. మలుపుల్లో లైటు మెరవట్లేదు. నడిపి వచ్చాక రెండు పక్కలా చెయ్యి పెట్టి చూశాను, ఒకేలా ఉన్నాయి.

వాలులో ముఖం కిందికి పెట్టి ఆపితే నిలిచింది. ముఖం పైకి పెట్టినప్పుడు మాత్రం 7 టిక్కులు లాగాల్సి వచ్చింది. ఇది మామూలేనా?

స్పానర్ బాబాయ్:
చాలా సంతోషం. ఆ చిన్న తేడాకి భయపడక్కర్లేదు. చక్రం ముందుకు తిరగబోతే ముందు షూ, వెనక్కి తిరగబోతే వెనక షూ డ్రమ్‌తో పాటు ఈడ్చుకుపోయి మరింత గట్టిగా పట్టుకుంటుంది. కొత్త షూలు ఇంకా డ్రమ్ గుండ్రానికి పూర్తిగా కుదురుకోలేదు. రెండిట్లో ఏది తక్కువ ఆనితే ఆ దిక్కున పట్టు కాస్త తక్కువగా ఉంటుంది. కొన్ని వందల కిలోమీటర్లు మామూలుగా బ్రేకులు వాడుతూ నడపండి. తర్వాత వెనక భాగం లేపి టిక్కుల పరీక్ష మళ్లీ చేయండి. అప్పటికీ తేడా అలాగే ఉంటే డ్రమ్ తీసి లైనింగ్ మీద మెరుపు ఎక్కడెక్కడ పడిందో చూడాలి. తొందరగా కుదరాలని హ్యాండ్ బ్రేక్ లాగి పెట్టి నడపొద్దు, కొత్త లైనింగ్ కాలిపోతుంది.

మలుపురాయి:
నాది మొదటి రకమే, టోపీ లోపల షూలున్నది. రంధ్రంలోంచి పళ్ల చక్రం తిప్పాను, 12 నుంచి 6 టిక్కులకి వచ్చింది. కేబుల్ ముట్టుకోలేదు. కృతజ్ఞతలు బాబాయ్.

నాలుగు చక్రాలు:
ఇంకొక్క ప్రశ్న. బండి నెలల తరబడి కదలకుండా ఉంచాలి. హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచాలా, దించి ఉంచాలా?

కొండదారి:
సమంగా ఉన్న నేల దొరికితే దించే ఉంచండి. గేర్లో పెట్టి, ముందూ వెనకా దిమ్మలు గట్టిగా ఆనించండి. లాగి ఉంచితే, ముఖ్యంగా కడిగాకో వానలో తడిశాకో, లైనింగ్‌కీ డ్రమ్‌కీ మధ్య తుప్పు పట్టి అతుక్కుపోతుంది. కడిగిన బండి అయితే ఆపేముందు కాస్త నడిపి, బ్రేకులు రెండు మూడుసార్లు వేసి ఆరనివ్వండి.

గ్రీజు చేతులు:
ఒకవేళ అతుక్కుంటే ఇంజను బలంతో గట్టిగా లాగొద్దు, లైనింగ్ షూ నుంచి ఊడి లోపల అడ్డం పడుతుంది. ముందుకీ రివర్స్‌కీ మెల్లగా ఊపి చూడండి. వదలకపోతే దిమ్మలు పెట్టి, చక్రం విప్పి, డ్రమ్ ముఖం మీద చుట్టూ తట్టండి. చాలాసార్లు టప్‌మని వదులుతుంది. అలా వదిలిన బండిని రోడ్డెక్కించేముందు డ్రమ్ తీసి లైనింగ్ చెక్కుచెదరకుండా ఉందో లేదో చూసుకోండి.